బాగున్న గిటారుతో నాకేం పని

బాగున్న గిటారు చేతికిస్తే ఏం చెయ్యాలో నాకు తోచదు. అటూఇటూ తిప్పి చూస్తాను. వాల్యూమ్ నాబ్ తిప్పి గరగరమంటుందేమోనని చెవి పెడతాను, వైరు గుచ్చే జాక్ కదిపి చూస్తాను. ఏ లోపమూ దొరక్కపోతే "బాగుందండీ" అని తిరిగిచ్చేస్తాను. ఆ మాటలో ఎంత నీరసం ఉంటుందో నాకే తెలుసు. అదే మోగని గిటారు పట్టుకొస్తే నాలోంచి ఇంకో మనిషి లేచి వస్తాడు. కుర్చీ వేస్తాడు, టీ పెట్టమంటాడు, ఎప్పట్నుంచి ఇలా ఉందని ఆప్యాయంగా ఆరా తీస్తాడు. ఓపిక, నెమ్మది, ఎదుటివాడి మీద శ్రద్ధ అన్నీ వాడికే ఉన్నాయి. నాలో నాకు నచ్చేవాడు వాడొక్కడే. చెడిపోయిన వస్తువు కంటపడితే తప్ప వాడు బయటికి రాడెందుకన్నది ఈమధ్య నన్ను తొలుస్తున్న సంగతి.

వృత్తిరీత్యా నేను మెకానిక్కుని కాను. సికింద్రాబాదులో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. సాయంత్రాలూ ఆదివారాలూ ఎలక్ట్రిక్ గిటార్ల పికప్‌లు విప్పి, పాడైన తీగ తీసేసి, కొత్త తీగ చుడతాను. చర్చిలో వాయించే కుర్రాళ్లు, కాలేజీ బ్యాండ్ల పిల్లలు ఒకరు చెబితే ఒకరు వస్తుంటారు. తీగ ఖరీదు తప్ప పైసా తీసుకోను. ఈ తీసుకోకపోవడాన్ని కూడా అనుమానించాల్సిందే. దాని సంగతి తర్వాత.

పికప్ అంటే స్ట్రింగుల కింద గిటారు ఒంటికి బిగించి ఉండే చిన్న బద్ద. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో ఇలాంటివి మూడుంటాయి. ఒక్కోదాంట్లో ఆరు అయస్కాంతపు కడ్డీలు, వాటిని పైనా కిందా పట్టి ఉంచే రెండు ఫైబర్ పలకలు, కడ్డీల చుట్టూ 8,000కు అటూఇటూగా చుట్లు తిరిగిన రాగి తీగ. కదిలే భాగం ఒక్కటీ లేదు. పైనున్న ఉక్కు స్ట్రింగు ఆ కడ్డీల దగ్గర తానూ కొంచెం అయస్కాంతమవుతుంది. దాన్ని మీటితే కాయిల్ గుండా పోయే అయస్కాంత క్షేత్రం ఊగుతుంది, ఆ ఊపుకి తీగలో కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో పట్టుకున్న సూత్రమే. పుట్టేది వోల్టులో పదోవంతు, గట్టిగా మీటితే ఇంకాస్త. ఆంప్ దాన్ని పెంచి హాలంతటికీ వినిపిస్తుంది. ఇక తీగ సంగతి. మందం 0.063 మిల్లీమీటర్లు, మన తల వెంట్రుకంత. ఒక్క పికప్‌కి పట్టే తీగని విప్పి పరిస్తే కిలోమీటరు దాటుతుంది, తూస్తే 30 గ్రాములుంటుంది. అంత పొడవులో ఏ ఒక్కచోట తెగినా కథ ముగిసినట్టే.

ముగిసినట్టే అన్నాను గానీ, తెగిన పికప్ పూర్తిగా మూగబోదు. మా వీధి చివర అద్దెకుండే కుర్రాడు ఆ మధ్య గిటారు తెచ్చి, "మధ్య పికప్ పోయింది అంకుల్. పోయిందంటే మొత్తం పోలేదు, ఆంప్ ఫుల్లుగా పెడితే సన్నగా కీచుమంటోంది" అన్నాడు. ఆ వివరం వింటూనే నాకు రోగం తెలిసిపోయింది. తీగ తెగినా వేల చుట్లు ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉంటాయి కదా, వాటి మధ్య కెపాసిటెన్స్ గుండా పైస్థాయి శబ్దాలు కొన్ని దాటి వచ్చేస్తాయి. కింది స్వరాలన్నీ అవతలి గట్టునే ఆగిపోతాయి. మల్టీమీటర్ పెట్టాను. ఆరు కిలో ఓముల దగ్గర చూపించాల్సింది "ఓ.ఎల్." చూపించింది. అంటే దారి లేదు. కుర్రాడి మొహం మాడిపోయింది. నేను "అయ్యో" అన్నాను.

ఆ "అయ్యో" అబద్ధం. లోపల నాకు పండగగా ఉంది. ఎవడో తన గిటారు పాడైందని దిగులుగా నిలబడితే, నేను బల్బు దగ్గరికి లాక్కుని స్క్రూలు విప్పుతూ హుషారుపడుతున్నాను. ఇన్నాళ్లూ ఆ హుషారుకి మంచి మంచి పేర్లు పెట్టుకున్నాను. పొదుపన్నాను. కానీ నేను పోసే గంటలకి జీతం కడితే కొత్త పికప్‌లు ఎన్నో వస్తాయి. వస్తువు పారెయ్యకూడదన్న సూత్రమన్నాను. ఇంట్లో వారంటీ ఉన్న మిక్సీ పాడైతే మాత్రం కంపెనీవాడికి ఫోన్ చేసి ఊరుకుంటాను, దాని మోటారు చుట్టాలని ఎన్నడూ అనిపించలేదు. సంగీతం మీద ప్రేమన్నాను. అది అన్నిటికంటే పెద్ద అబద్ధం.

కుర్రాడి పికప్‌లో తీగ తెగింది ఎక్కడో కాదు, మొదట్లోనే. కంటికి లెన్స్ పెట్టుకుని చూస్తే, తీగ కింది పలక రంధ్రంలోంచి వచ్చి మొట్టమొదటి చుట్టు తిరిగే చోట ఆకుపచ్చ చుక్క కనిపించింది. చిలుము. ఆ పాత పద్ధతి పికప్‌లలో తీగని నేరుగా కడ్డీల మీదే చుడతారు. కడ్డీ అంచుకి ఒరుసుకుని ఎనామిల్ పూత పోతుంది, వాయించేవాడి చేతి చెమట లోపలికి దిగుతుంది, ఉప్పు తగిలిన రాగిని మెల్లగా తినేస్తుంది. పైచుట్లలో తెగితే నాలుగు చుట్లు విప్పి అతికి బతికించవచ్చు. మొదట్లో తెగితే మీదున్న కిలోమీటరు తీగనీ కోసి పడెయ్యడమే. కొయ్యబోయే ముందు రెండు విషయాలు కాగితం మీద రాసుకోవాలి: తీగ ఏ వైపుకి చుట్టి ఉంది, కడ్డీల పైకొస ఉత్తరమా దక్షిణమా. ఈ రెండిట్లో ఒకటి తిరగబడితే పక్క పికప్‌తో కలిపి వాయించినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని శబ్దం పలచబడిపోతుంది. రెండూ సరిగ్గా ఉంటే, మధ్యది మిగతా వాటికి వ్యతిరేకంగా చుట్టి ఉన్న గిటార్లలో కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద మాయమవుతుంది. రాసుకుని, బ్లేడు దించాను.

తీగలూ వైండింగులూ నాకు కొత్త కాదు. మా నాన్నది నరసరావుపేటలో మోటారు వైండింగు షాపు. పంట మీదున్నప్పుడు మోటార్లు వరసపెట్టి కాలేవి. లో ఓల్టేజీ ఒక కారణం. మూడు ఫేజుల్లో ఒకటి పోతే, మోటారు మిగతా రెండిటి మీదే ఈడ్చుకుంటూ తిరిగి వేడెక్కి కాలడం ఇంకో కారణం. షాపంతా కాలిన వార్నిష్ వాసన. స్లాట్లలోంచి నల్లబడిన తీగ లాగేసి, లెదరాయిడ్ కాగితం పరిచి, కొత్త కాయిల్స్ దించి, పైన వెదురు బద్దలు దూర్చి, సీరీస్ బల్బు పెట్టి చూసేవాడు. సూత్రం ఒకటే, దిక్కు వేరు. నాన్న దగ్గర తీగలోకి కరెంటు పంపితే షాఫ్టు తిరిగేది, నా దగ్గర స్ట్రింగు కదిలితే తీగలోంచి కరెంటొస్తుంది. కాబట్టి ఇది నాన్న నుంచి వచ్చిన విద్య అని చెప్పుకోవడం నాకు చాలా తేలిక. చెప్పుకుంటాను కూడా, వచ్చినవాళ్లకి. వాళ్ల కళ్లలో కాస్త గౌరవం కనిపిస్తుంది.

కానీ నాన్నకి కాలిన మోటారంటే సరదా లేదు. షాపు ముందు బెంచీ మీద రైతు కూర్చుని ఉండేవాడు. ఆయన చేలో మిరప వాడిపోతూ ఉండేది. నాన్న రాత్రి ఎంత పొద్దుపోయినా ఆ మోటారు ముగించి లేచేవాడు. తర్వాత ఎప్పుడైనా సంతలో ఆ రైతు ఎదురుపడితే వైండింగు ఎలా ఉందని అడిగేవాడు కాదు. "చేను తడిసిందా?" అనేవాడు. అంతే. చిన్నప్పుడు ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో, దాంట్లో ఏముందో ఒక్కసారీ ఆలోచించలేదు. కుర్రాడి గిటారు నా బల్ల మీద ఉన్నన్ని రోజులూ, వాడు దాని మీద ఏం వాయిస్తాడో నేను అడగలేదు. అడగాలని తట్టలేదు. తీగ ఏ పూతది, కడ్డీలు ఎంత మందం, పలకకి ఏ లక్క పూశారు, ఇవే నా ధ్యాస.

తీగ రాణిగంజ్‌లో దొరుకుతుంది. తీగ మందానికి మన వైండింగు షాపులవాళ్లది ఎస్.డబ్ల్యూ.జి. లెక్క. అమెరికా వాళ్ల 42 గేజికి దగ్గరగా ఉండేది మన 46 నంబరు. కౌంటర్లో అతను ఎందుకండీ ఇంత సన్నందని అడిగితే గిటారుకని చెబుతాను, అతను నవ్వుతాడు, నాకు ఆ నవ్వు బాగుంటుంది. చుట్టే యంత్రం నేనే చేసుకున్నాను: కాలితో నొక్కే కుట్టుమిషను మోటారు, దాని చక్రానికి చిన్న అయస్కాంతం, ఎదురుగా రీడ్ స్విచ్చి. స్విచ్చి రెండు కొసల్నీ చవక క్యాలిక్యులేటర్ "ఈక్వల్ టు" మీటకి అతికించాను. ఒకటి ప్లస్ ఒకటి కొట్టి వదిలితే చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది. దాన్ని చూపించడం కూడా నాకు ఇష్టమే. చూడమని అడగనివాళ్లకి కూడా చూపిస్తాను.

చుడుతున్నప్పుడు తీగ చూపుడువేలికీ బొటనవేలికీ మధ్యనున్న చిన్న ఉన్ని ముక్కలోంచి జారాలి. వేలు బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే చుట్లు ఉబ్బి, స్ట్రింగు మీటినప్పుడు అవీ కదిలి కీచుమని ఫీడ్‌బ్యాక్ పెడతాయి. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు వేలు నడుపుతూ ఉండాలి. ఆ సమయంలో నా బుర్రలో ఏమీ ఉండదు. ఆఫీసు ఉండదు, అప్పులుండవు, ఎవరితో ఏ మాట తేడాగా అన్నానో గుర్తుండదు. ధ్యానం చేసేవాళ్లు చెప్పే స్థితి ఇదేనేమో అని గొప్పగా అనుకున్న రోజులున్నాయి. ఇప్పుడు అంత నమ్మకం లేదు. ఏదీ గుర్తు రాకుండా ఉండటానికి మనిషి ఎంచుకునే దార్లలో కొన్ని మర్యాదగా కనిపిస్తాయి, కొన్ని కనిపించవు.

ఈ పికప్‌కి సగం పైగా చుట్టాక తీగ తెగింది. అతుకు వెయ్యవచ్చు. రెండు కొసలూ గీకి, మెలేసి, సన్నగా టంకం పెట్టి, పైన ఇన్సులేషన్ ముక్క వేసి ముందుకు పోవచ్చు. శబ్దంలో ఏ తేడా రాదు, వినగలిగే చెవి ఈ భూమ్మీద లేదు. అయినా చుట్టిందంతా కోసేసి మొదటికొచ్చాను. కుర్రాడికి చెబితే "ఎంత నిజాయితీ అంకుల్" అన్నాడు. ఆ మాట తీసుకుని జేబులో వేసుకున్నాను. వాడికి తెలియనిదేమిటంటే, ఇంకో పదేళ్లకి ఎవడో మెకానిక్కు దీన్ని విప్పి ఆ అతుకు చూసి "ఎవడు చుట్టాడ్రా ఇది" అంటాడని నా భయం. నా లెక్క కుర్రాడితో కాదు, ఆ రాబోయే మెకానిక్కుతో. ఫెండర్ ఫ్యాక్టరీలో అబిగేల్ ఇబారా అనే ఆవిడ 1956లో చేరి దశాబ్దాల పాటు పికప్‌లు చుట్టింది. ఆవిడ సంతకమున్న పికప్‌ల కోసం గిటారు పిచ్చివాళ్లు ఎగబడతారు. నేనూ కింది పలక మీద, ఎవరికీ కనపడని చోట, పెన్సిలుతో నా పొడి అక్షరాలు రాస్తాను. నాన్న చుట్టిన మోటార్లు పల్నాడంతా ఉండేవి. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.

చుట్టడం అయ్యాక మైనం. ప్యారాఫిన్‌లో కాస్త తేనెమైనం కలిపి, గిన్నెని వేణ్ణీళ్లలో పెట్టి, 65 డిగ్రీలు దాటకుండా చూసుకుంటూ పికప్‌ని ముంచితే లోపలి గాలి బుడగలుగా పైకొస్తుంది. బుడగలు ఆగాక తీసి ఆరబెట్టాలి. నేరుగా మంట మీద పెట్టకూడదు, మైనం అంటుకుంటుంది. ఇంట్లో ఆ వాసన రెండు రోజులుంటుంది. మా ఆవిడ కిటికీలు తెరుస్తుంది, ఏమీ అనదు.

కొలిస్తే 5.8 కిలో ఓములు వచ్చింది. ఆ అంకె చూసుకుని నేను పడ్డ ఆనందం పిల్లల మార్కుల అప్పుడు కూడా పడలేదు. తీసుకెళ్లిన కొన్నాళ్లకి కుర్రాడు ఫోన్ చేశాడు: "అంకుల్, మీరు 5.8 అన్నారు, మా ఫ్రెండు మీటరుతో కొలిస్తే 6.2 వస్తోంది." ఒక్కసారి గుండె జారింది. తర్వాత నవ్వొచ్చింది. నేను కొలిచింది ఏసీ గదిలో, వాడు కొలిచింది మే నెల మధ్యాహ్నం వరండాలో. రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కితే నిరోధం దాదాపు 0.39 శాతం పెరుగుతుంది, 18 డిగ్రీల తేడాకి లెక్క సరిగ్గా సరిపోయింది. ఇదంతా వాడికి ఉపన్యాసం ఇచ్చాను. వాడు ఓపిగ్గా విని, "అది సరే అంకుల్, సౌండు మాత్రం చాలా బాగుంది, మొన్న ఆదివారం అందరూ అన్నారు" అన్నాడు. అది విన్నాక కూడా నేను మళ్లీ ఓముల దగ్గరికే వెళ్లాను. నిజానికి ఆ అంకె చెప్పేది తీగ ఎంత పొడవు, ఎంత సన్నం అన్నదే. గిటారు ఎలా మోగుతుందో అది చెప్పదు. ఈ ముక్క నాకు బాగా తెలుసు. అయినా మోగడం కంటే అంకె మీదే నాకు ధైర్యం.

ఎందుకంటే మోగించడం నాకు రాదు. రాదంటే, పది పన్నెండు కార్డ్స్ వచ్చు. నా గిటారు ఒకటుంది, దాని వైరింగు చూస్తే ముచ్చటేస్తుంది. దాన్ని తీసి వాయించడం మొదలుపెడితే కాసేపటికి ఏదో స్ట్రింగు ఎత్తు సరిగా లేదనిపిస్తుంది, స్క్రూడ్రైవర్ అందుకుంటాను. ఒకరోజు మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "వాయించడానికి కూర్చున్నారా, విప్పడానికా?" అంది. వెటకారం ఏమీ లేదు, కాఫీ ఎప్పుడు పెట్టాలో తెలుసుకోవడానికి అడిగింది. అమెరికాలో సేమూర్ డంకన్ అనే ఆయన ఉన్నాడు, పికప్‌ల తయారీలో పెద్ద పేరు. కుర్రవాడుగా ఉన్నప్పుడు వాయిస్తూండగా ఆయన టెలికాస్టర్ పికప్ తెగిపోతే, పాటల రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ మీద పెట్టి తిరిగి చుట్టుకున్నాడు. ఆయన కథ చెప్పి నన్ను ఆయన వరసలో నిలబెట్టినవాళ్లున్నారు. ఆయన చుట్టింది మళ్లీ వాయించడానికి. నేను చుడుతున్నంతసేపూ వాయించక్కర్లేదు. తీగలో లోపముంటే మీటరు చూపిస్తుంది, చిలుము కంటికి కనిపిస్తుంది, కోసి పారెయ్యవచ్చు. వాయిస్తున్నప్పుడు బయటపడే లోపం నా వేళ్లదీ, నా తాళానిదీ. దానికి మీటరు లేదు.

డబ్బు తీసుకోకపోవడం దగ్గరికి వద్దాం. తీసుకుంటే అది పనవుతుంది, పనైతే గడువుంటుంది, నచ్చకపోతే అడిగే హక్కు వాళ్లకుంటుంది. ఉచితంగా చేస్తే వాళ్లు నాకు రుణపడతారు. నాన్న ప్రతి మోటారుకీ లెక్క కట్టి తీసుకునేవాడు, పంట చేతికొచ్చాక ఇమ్మని కొందరికి వాయిదా ఇచ్చేవాడు. రైతు తల ఎత్తుకుని మోటారు బండిలో వేసుకుపోయేవాడు. నా దగ్గరికొచ్చే పిల్లలు చేతులు జోడించి వెళతారు.

ఇదంతా గిటార్లతో ఆగి ఉంటే రాసేవాణ్ని కాదేమో. మా తమ్ముడు గుంటూరులో ఉంటాడు. కొన్నేళ్ల కిందట వాడి ఉద్యోగం పోయింది. అప్పుడు నేను చూపించిన చురుకు ఇప్పటికీ బంధువుల్లో చెప్పుకుంటారు. రాత్రికి రాత్రి బస్సెక్కాను, బ్యాంకు వాయిదాల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. వాడికి వేరే పని దొరికింది, కుదురుకున్నాడు. ఆ తర్వాత మా మధ్య ఫోన్లు పలచబడ్డాయి. నాకేదో వెలితిగా ఉండేది, వాడు మారిపోయాడని అనుకునేవాణ్ని. పోయిన సంక్రాంతికి భోజనాల దగ్గర వాడే, మజ్జిగ పోసుకుంటూ, మామూలుగా అన్నాడు: "అన్నయ్యా, నేను బాగుంటే నీకు ఫోన్ చెయ్యాలనిపించదేంటి?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాడు మాత్రం సమాధానం కోసం ఒక క్షణం చూసి, మళ్లీ అన్నంలోకి తలదించాడు.

మొన్న ఒక సాయంత్రం, బల్ల మీద ఏ పికప్పూ లేదు, వాడికి ఫోన్ చేశాను. ఎత్తగానే "ఏమైంది?" అన్నాడు. ఏమీ కాలేదన్నాను. "వదినకి బాగానే ఉందా?" అన్నాడు. బాగానే ఉందన్నాను. ఇద్దరం కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నాం. వాడి కూతురి స్కూలు గురించి అడిగాను, ఏ క్లాసో తప్పు చెప్పాను, దిద్దాడు. మాటలు నాలుగడుగులు వేసి ఆగిపోతున్నాయి. వాడి ఇంటి టీవీ శబ్దం వింటూ ఇంకేం అడగాలా అని వెతుక్కుంటున్నాను. అంతలో వాడే, "కరెంటు తెగ పోతోంది అన్నయ్యా. ఇన్వర్టర్ పట్టుమని అరగంట నిలవట్లేదు, కుయ్యిమంటోంది" అన్నాడు.

"బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూశావా?" అన్నాను. నా గొంతు మారడం నాకే వినిపించింది. "ఉండు, మూతలు తియ్యి. ఆరిటికీ ఒక్కోటీ చూసి చెప్పు, నేను లైన్లోనే ఉంటాను."